బట్ట చీటి – నేతగాని బాకీ

ఎండకు, వానకు, కొండచలికి తాళు దుస్తుల నమ్ము సంస్థలు నేడు బట్ట మన్నికతోపాటు తమ నీతిని గూడ ప్రకటించుకొనుచున్నవి. పురుగుమందు తగులని ప్రత్తి, న్యాయమైన కూలి అను మాటలు బట్టకు కుట్టిన చీటిపైననే కనిపించును. వానిని ఎంతవరకు నమ్మవచ్చును? తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో మగ్గమునే నమ్ముకొని బ్రదికిన తెలుగు కుటుంబములు కలవు గనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

మన పట్టణము పేరే యొక బట్టకు పేరయి దేశాంతరము పోయినది. గళ్ల నూలుబట్టను అమెరికావారు 'మద్రాస్' అందురు. వేసవి విహారములకు ధరించు చొక్కాలకు అది వారికి మిక్కిలి ప్రీతి. 1958లో న్యూయార్కు వర్తకుడు విలియం జేకబ్సన్ ఈ బట్టను కెప్టెన్ సి. పి. కృష్ణన్ నాయర్ వద్ద కొని, బ్రూక్స్ బ్రదర్స్ సంస్థకు అమ్మెను. చన్నీటిలో మెల్లగా ఉతుకవలెనను హెచ్చరిక మాత్రము ధరించువారికి చేరలేదు. రంగు దిగినది, ఫిర్యాదులు వచ్చినవి. పిమ్మట జరిగినదే చిత్రము. రంగు తప్పక దిగునని హామీ యిచ్చుచు ప్రకటనలు వెలసినవనియు, ఉతికినకొలది గళ్లు ఒకదానిలో నొకటి కరగుటయే ఆ బట్టకు శోభయైనదనియు చెప్పుదురు. ఇందు అబద్ధమేమియు లేదు. రంగు నిజముగనే దిగును. కాని గజము నేసినవాని కేమి ముట్టినదో ఆ హామీ చెప్పలేదు.

చొక్కానుండి దిగిన రంగు కొంతయే. అద్దకపు తొట్టినుండి దిగునది మరియెంతో. నొయ్యల్ నదిని అద్దకపు నీరు చెరచినందున 2011 జనవరిలో మదరాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకపు కర్మాగారములను మూయ నాజ్ఞాపించినది. అచ్చటి బనీను ఏ దేశమున అమ్ముడుపోయినను మురికినీరు మాత్రము ఇక్కడనే నిలిచినది. చెన్నై నగరమునకు త్రాగునీరిచ్చు చెరువులలో శోళవరము చెరువు నొకటి. అద్దకపు నీరు ఎటు పోవుచున్నదని ఈ ప్రాంతమువా రడిగినచో, అది తమ బిందెను గూర్చి యడుగుటయే.

ఇక తన లోపమును తానే చెప్పుకొను వర్తకుడున్నచో? కొండలెక్కువారికి దుస్తులమ్ము అమెరికా సంస్థ పటగోనియా 1973లో పుట్టినది. 1996 నుండి తన నూలుదుస్తులకు సేంద్రియ ప్రత్తినే వాడుచున్నది. 2011 నవంబరు 25న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో తన కోటు బొమ్మనే వేయించి, దీనిని కొనవలదని ప్రకటించినది. ఒక్క కోటుకు 135 లీటర్ల నీరు పట్టినదని లెక్కయు చెప్పినది. (ఆ పిమ్మట దాని వ్యాపారము పెరిగినదే కాని తగ్గలేదు!) అయినను అదే యేట, సంస్థ తానే చేయించిన తనిఖీలో ఒక చేదు నిజము బయటపడినది. తైవానులో దానికి బట్ట సరఫరా చేయు మిల్లులలోని పరదేశపు కూలీలు, పని దొరకుటకై దళారులకు 7,000 డాలర్ల వరకు చెల్లించి, ఆ ఋణమునకు కట్టుబడియుండిరి. కుట్టు కర్మాగారములపై నిఘా యున్నది. వానికి బట్ట పంపు మిల్లులపై చాలినంత లేకపోయినది. దళారి రుసుము కూలీ నెత్తిన పడరాదని 2014లో సంస్థ నియమములు చేసినది; 2015లో ఈ సంగతి పత్రికల కెక్కినది. నీటిని లీటర్లలో కొలిచిన సంస్థకు కూలీ బాకీ అంత సులభముగ కనబడలేదు. దాచక బయటపెట్టుట మెచ్చదగినదే; కాని వెదకినందుననే అది దొరికినది. వెదకని సంస్థల చీటీలు శుభ్రముగనే యుండును.

ఆ ఋణపు కథ మన నేతవాడలకు క్రొత్తది కాదు. షావుకారు నూలిచ్చును, బయానా యిచ్చును. నేసిన బట్ట అతనికే చేరవలెను. బయానా తీరనంతవరకు ఎక్కువ కూలి యిచ్చువాని యొద్దకు పోవుటకు నేతగానికి వీలు చిక్కదు. కనుక రోజుకూలి యెంత యని మాత్రమే అడిగినచో సగము సంగతియే తెలియును. 2006 నుండి మన దేశమున చేనేత ముద్ర కలదు. బట్ట చేమగ్గముపై నేసినదే యని అది చెప్పును. నకిలీ బట్ట నడుమ అసలు బట్టను గుర్తించుట కది చాల అవసరము. బయానా మాట దానిపై లేదు.