ఇనుప తట్టల తయారీలో రేకు పలచబడుట – కారణాలు, నివారణ

రామగుండం, గోదావరిఖని బొగ్గు గనులలో యంత్రాలు రాకముందు కోల్ ఫిల్లర్లు తట్ట, చెమ్మస్‌లతోనే టబ్బులు నింపేవారు. గనులలో ఆ పని తగ్గినా, పరిసర గ్రామాలలో పశువుల ఎరువు, మట్టి మోయడానికి ఇనుప తట్ట నేటికీ అవసరమే. అడుగు భాగం గట్టిగా ఉండగానే, అడుగు, గోడ కలిసే వంపు వద్ద తట్టకు చిల్లులు పడటం కద్దు. ఇందుకు వాడకం ఒక్కటే కారణం కాదు. తయారీలోనే రేకు అక్కడ పలచబడి ఉంటుంది.

పలచబడే విధానం

గుండ్రంగా కత్తిరించిన ఉక్కు రేకును డైపై ఉంచి, దాని అంచును బ్లాంక్ హోల్డర్ అనే కడియంతో అదిమిపట్టి, మధ్య భాగాన్ని పంచ్‌తో లోనికి నొక్కుతారు. అంచు లోనికి జారితే తట్టకు లోతు వస్తుంది. జారనప్పుడు రేకు సాగి ఆ లోతునివ్వాలి. లోహపు ఘనపరిమాణం మారదు కనుక సాగిన మేర మందం తగ్గుతుంది. పంచ్ వంపు వద్ద ఇది అధికం. 1.0 మి.మీ. రేకు అక్కడ 0.8 మి.మీ.కు తగ్గితే 20 శాతం పలచబడినట్లు.

ప్రభావం చూపే అంశాలు

అదుము బలం: తక్కువైతే అంచు ముడతలు పడుతుంది. ఎక్కువైతే రేకు జారక సాగి చిరుగుతుంది. తట్ట గోడ ఏటవాలుగా ఉండటం వలన పంచ్‌కు, డైకి నడుమ రేకుకు ఆధారం ఉండదు. అక్కడా ముడతలు వస్తాయి. వాటిని అణచడానికి బలం పెంచినపుడే వంపు పలచబడుతుంది.

వంపు వ్యాసార్థం: డై వంపు సాధారణంగా రేకు మందానికి 4 నుండి 10 రెట్లు ఉండాలి. పంచ్ వంపు మరీ పదునుగా ఉండరాదు.

కందెన: డై, కడియం తాకే వైపు కందెన పూయాలి. పంచ్ ముఖానికి పూయనవసరం లేదు. అక్కడి రాపిడి రేకును పట్టి ఉంచి, సాగకుండా కాపాడుతుంది.

రేకు రకం: కార్బన్ తక్కువగా గల మెత్తని ఉక్కు రేకు ఇందుకు అనువైనది.

సూచనలు

ముందుగా డైని నునుపు చేసి, కందెన సరిచూడాలి. ఆపై అదుము బలాన్ని ముడతలు కనిపించే వరకు తగ్గించి, తిరిగి కొద్దిగా పెంచి స్థిరపరచాలి. నమూనా తట్టను నిలువుగా కోసి, వంపు వద్ద మందాన్ని మైక్రోమీటరుతో కొలవాలి.

బరువు చూసి తట్ట నాణ్యతను నిర్ణయించరాదు. ఒకే రేకుతో చేసిన రెండు తట్టల బరువు సమానమే. వాటి మన్నిక మాత్రం సమానం కాకపోవచ్చు. తడి ఎరువు వలన పట్టే తుప్పు పలచని చోటునే ముందుగా తొలుస్తుంది. చిరిగిన రేకు కూలీల చేతులను కోస్తుంది. కనుక కొనేటపుడు వంపును వేలితో తడిమి, గీతలు, నొక్కులు, సన్నని చీలికలు లేవని నిర్ధారించుకోవాలి.