చల్లబడిన వేళ్లతో గోష్ఠిలోకి

నాడి చూడటం నా ఉద్యోగంలో భాగం. విశాఖపట్నంలో ఐసీయూ నర్సుగా పదిహేడేళ్లు పనిచేశాక, 2019 జనవరిలో ఒక సాయంత్రం గుడి మండపం మెట్ల మీద కూర్చుని నా నాడి నేనే చూసుకున్నాను. నిమిషానికి 118. జ్వరం లేదు, పరుగెత్తుకు వచ్చిందీ లేదు. ఒళ్లో వయొలిన్ పెట్టె ఉంది. లోపలి నుంచి శ్రుతి వినిపిస్తోంది. త్యాగరాజ ఆరాధనకు ఆయన పంచరత్న కృతులు పాడే గోష్ఠిలో ఆ రోజు నా మొదటి రిహార్సల్.

ముప్పై ఎనిమిదో ఏట వయొలిన్ పట్టుకున్నాను. అప్పటి నుంచి వాయించిందంతా గురువుగారి ఎదురుగానో, ఇంట్లో గోడ ఎదురుగానో. ఒక్కదాన్నే వాయించేటప్పుడు తప్పూ నాదే, నష్టమూ నాదే. గోష్ఠిలో అలా కాదు. ముప్పైమంది కలిసి కట్టుకొస్తున్నదాన్ని నా ఒక్క అపస్వరం చెడగొడుతుందేమో అన్న బెంగ ఉంటుంది. వినేవాళ్లు ఏమనుకుంటారో అన్న భయం దీనికంటే తేలిక. బృందంలో కొత్తగా చేరిన చాలామందితో తర్వాత మాట్లాడాను. అందరి గుండెలోనూ ఉన్నది ఈ బెంగే.

ఆ రోజు నేను భయపడిందే జరిగింది. పంచరత్నాలు ఐదూ ఆది తాళంలోనే ఉంటాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అని రాగాల వరుస. చరణాలు చాలా ఉంటాయి, ప్రతి చరణాన్నీ ముందు స్వరంగా, తర్వాత సాహిత్యంగా పాడి పల్లవికి వస్తారు. ఆరభిలోని ‘సాధించెనే’ దగ్గర మాత్రం దారి మారుతుంది. అక్కడ చరణం అయ్యాక పల్లవికి కాక ఇంకో పంక్తికి తిరిగి రావాలి. అది నాకు తెలుసు. ఇంట్లో వందసార్లు సరిగ్గానే వాయించాను. కానీ అంతకుముందే నాట, గౌళ వాయించి ఉన్నందువల్ల, చెయ్యి అలవాటు ప్రకారం పల్లవికి వెళ్లిపోయింది. అందరూ ఒక చోట, నా వయొలిన్ ఇంకో చోట. నాలుగు అక్షరాల సేపు ఆ మండపంలో నా తప్పు ఒక్కటే వినబడింది. కమాను తీగ మీద గెంతడం మొదలుపెట్టింది. మిగతా కృతిలో నేనేం వాయించానో నాకు గుర్తు లేదు.

ఆ గెంతు ఎందుకొచ్చిందో నర్సుగా నాకు తెలుసు. వార్డులో అడ్రినలిన్ చిన్న గాజు అంపూల్‌లో వస్తుంది. ఒక మిల్లీలీటరు మందులో ఒక మిల్లీగ్రాము. ఆగిన గుండెను నడిపించడానికి మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఎక్కిస్తాం. అదే పదార్థం భయం వేసినప్పుడు మూత్రపిండాల పైనున్న గ్రంథుల నుంచి రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుని రక్తం కండరాల వైపు మళ్లుతుంది కాబట్టి వేళ్లు చల్లబడతాయి. ఎవరి కండరాల్లోనైనా ఎప్పుడూ ఉండే, కంటికి ఆనని వణుకు ఉన్నట్టుండి పైకి తేలుతుంది. పాడేవాళ్లకు గొంతు ఎండిపోతుంది, వేణువు వాయించేవాళ్లకు పెదవి ఆరిపోతుంది, మాకు దీర్ఘంగా లాగాల్సిన షడ్జం ముక్కలవుతుంది. చేతగాక వచ్చే వణుకు కాదిది. చెలో వాద్యానికి ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పేరు తెచ్చిన పాబ్లో కజాల్స్‌కు కూడా వేదిక ఎక్కే ముందు భయం జీవితాంతం పోలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వణుకును తగ్గించే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు ఉన్నాయి. కొందరు సంగీతకారులు కచేరీకి ముందు వాడతారు. ఎవరో ఇచ్చారని మాత్రం వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మాత్ర ఊపిరాడకుండా చేయగలదు. అలాంటివాళ్లను నేను వార్డులో చూశాను. డాక్టరు మీ గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి రాస్తేనే తీసుకోవాలి.

రిహార్సల్ అయ్యాక వయొలిన్ పెట్టెలో పెట్టి మెల్లగా వెళ్లిపోబోతుంటే, నా పక్కన కూర్చున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ గోష్ఠిలో వాయిస్తున్న మనిషి.

“తప్పు వచ్చిందని వెళ్లిపోతున్నావా అమ్మా?”

“అందరికీ ఇబ్బంది చేశానండీ.”

“తప్పాక కూడా వాయిస్తూనే ఉన్నావు చూశావా, ఇబ్బంది అక్కడుంది. తప్పగానే కమాను ఎత్తెయ్. విను. సమం ఎక్కడ పడుతోందో చూసుకుని మాతో కలువు. నువ్వు నాలుగు ఆవర్తాలు మానేసినా కృతి ఆగదు.”

ఆ మాటతో నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి గుండె ఆగిన రోగి దగ్గరికి పరుగెత్తినప్పుడు, సీనియర్ సిస్టర్ నన్ను గోడ పక్కన నిలబెట్టి, “నువ్వు టైము రాస్తూ ఉండు, చాలు” అన్నారు. గుండె నొక్కేవాళ్లు వేరు, మందు ఎక్కించేవాళ్లు వేరు. నాకు ఒక్క పనే. ఆ ఒక్క పనిలోనే నా చేతులు కుదుటపడ్డాయి. గోష్ఠిలో ఆ ఒక్క పని ఏమిటో ఆవిడ చెప్పారు: సమానికి, అంటే తాళపు ఆవర్తం మొదలయ్యే దెబ్బకు, అందరితో ఉండటం.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో సాధన తీరు మార్చాను. అంతవరకు తప్పు వస్తే ఆగి, వెనక్కి వెళ్లి, దిద్దుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఒంటరి సాధనకు అది మంచి పద్ధతే. బృందానికి వెళ్లేవాళ్లకు మాత్రం చాలదు, ఎందుకంటే అక్కడ వెనక్కి వెళ్లడం ఉండదు. గోష్ఠి రికార్డింగ్ పెట్టుకుని, కావాలనే మధ్యలో కమాను ఎత్తేసి, నడుస్తున్న పాటలోకి మళ్లీ ఎక్కడం సాధన చేశాను. బస్సు కదులుతుండగా ఎక్కడం లాంటిదిది. మొదట్లో రెండు ఆవర్తాలు పట్టేది, వారం తిరిగేసరికి అర ఆవర్తంలో కలిసిపోగలిగాను. ఇంకొకటి కూడా చేశాను. మా అపార్ట్‌మెంట్ మూడు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కి, గుండె దడదడలాడుతుండగానే కూర్చుని ఆరభి అందుకునేదాన్ని. దడలో వాయించడం చేతికి కొత్త కాకుండా పోవాలని.

దడను అణచాలని చూడటం కంటే దానికి పేరు మార్చడం సులువు. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, కరోకీ పాడబోయే ముందు ‘నాకు కంగారుగా ఉంది’ అన్నవాళ్ల కంటే ‘నాకు హుషారుగా ఉంది’ అన్నవాళ్లు మెరుగ్గా పాడారు. దడ రెండింటిలోనూ ఒకటే కదా. నేనూ మండపం మెట్ల మీద కూర్చుని ‘హుషారుగా ఉంది’ అని పైకే అనుకునేదాన్ని. ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం నిదానంగా చేస్తే గుండె వేగం కొంత దిగుతుంది. ఇది మా రోగులకు నేర్పేదే. వాయించేటప్పుడు పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట నేనూ తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో బృందంగా పాడేవాళ్లను పరిశీలించి, ఒకే చోట ఊపిరి తీస్తూ పాడినప్పుడు వాళ్ల గుండె వేగాలు కూడా కలిసి హెచ్చుతూ తగ్గుతూ ఉన్నాయని చూపించారు. మా మండపంలో యంత్రాలేమీ లేవు కానీ, ఆ కలయిక నా భుజాలకు తెలిసేది. బిగుసుకున్నవి వాటంతట అవే దిగేవి.

చిన్న జాగ్రత్తలూ అక్కరకొచ్చాయి. అరగంట ముందు వెళ్లేదాన్ని, ఎందుకంటే ఇంటి శ్రుతి, గోష్ఠి శ్రుతి ఒకటి కావు, తీగలు కొత్త శ్రుతికి కుదురుకోవడానికి సమయం పడుతుంది. చెమటకు ఒక పాత నూలు తువ్వాలు. ఆ సాయంత్రాల్లో కాఫీ మానేశాను.

పాఠాంతరం గురించి కూడా కొత్తవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక గురువు దగ్గర నేర్చుకున్న సంగతి ఇంకో గురువు దగ్గర ఉండకపోవచ్చు. నేను నేర్చుకున్న పాఠం తప్పేమో అని రెండు రోజులు కుమిలాను, తీరా చూస్తే రెండూ సరైనవే. అసలు త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారులోనే, ఇలా వేర్వేరు పాఠాలవాళ్లు కలిసి పాడటం తేలిగ్గా రాలేదు. సమాధి ముందు స్త్రీలు పాడటానికి వీల్లేని రోజుల్లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన సొత్తు పెట్టి అక్కడ గుడి కట్టించారు, స్త్రీలను కూడగట్టి పాడించారు. వేర్వేరు వర్గాలు చేసుకుంటున్న ఆరాధనలు 1940 ప్రాంతంలో ఒకటయ్యాకే ఈ ఐదు కృతులూ అందరూ కలిసి పాడే పద్ధతి స్థిరపడింది. ఆడవాళ్లం ఇవాళ ఆ వరుసలో చాప మీద చోటు వెతుక్కుంటున్నప్పుడల్లా నాగరత్నమ్మ నాకు గుర్తొస్తారు.

ఆరాధన రోజైన పుష్య బహుళ పంచమి నాడు మండపం నిండిపోయింది. వేళ్లు చల్లగానే ఉన్నాయి. పెద్దావిడ పక్కనే కూర్చున్నాను. నాట, గౌళ అయ్యాయి. ఆరభిలో మొదటి చరణం ముగుస్తుండగా కమాను ఒక అక్షరం ముందే ఎత్తి, విని, అందరితోపాటు ఆ పంక్తిలోకి వచ్చాను. తర్వాత చరణానికి ఎత్తాల్సిన అవసరం కూడా రాలేదు.

వరాళి నాకు అప్పటికి పూర్తిగా రాదు. గురువు ఎదురుగా కూర్చుని చెబితే గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలు వస్తాయన్న నమ్మకంతో చాలామంది ఆ రాగాన్ని నేరుగా నేర్పరు. మా గురువుగారూ వింటూ నేర్చుకోమన్నారు. వచ్చీరాని చోట వాయించకుండా కమాను ఒళ్లో పెట్టుకుని, తాళం వేస్తూ ఆ రాగంలోని ‘కనకనరుచిరా’ మొత్తం విన్నాను. పెద్దావిడ ఒకసారి నా చేతి వైపు చూసి తల ఊపారు. శ్రీరాగానికి ముందు తువ్వాలుతో వేళ్లు తుడుచుకుని, తీగలు మళ్లీ సరిచూసుకున్నాను.