పేరుకు ప్లేఫెయిర్ ఓకే... ఫోన్ నంబరుకు వద్దు!

రెజ్యూమె టెంప్లేట్లలో కొన్నిటికి పైన పేరు లావుగా, ఠీవిగా ఉంటుంది. అక్షరాల కొసల్లో సన్నటి గీతలుంటాయి. ఆ గీతలనే సెరిఫ్‌లు అంటారు. ఈ కోవలో బాగా పేరున్న ఉచిత ఫాంట్ ప్లేఫెయిర్ డిస్‌ప్లే. బాగుంది కదా అని రెజ్యూమె మొత్తం అందులోనే కొట్టేస్తే మాత్రం చిక్కే!

ఆ ఠీవి ఎక్కడిది?
డెన్మార్క్ డిజైనర్ క్లాస్ ఎగ్గర్స్ సోరెన్‌సెన్ దీన్ని రూపొందించారు. 2011 నుంచి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతోంది. 18వ శతాబ్దం చివరి నుంచి యూరప్‌లో ఈక కలాల స్థానంలోకి మొనదేలిన ఉక్కు పాళీలు క్రమంగా వచ్చాయి. నొక్కి రాస్తే లావు, తేలిగ్గా రాస్తే సన్నం. ఆ తేడానే ఈ ఫాంట్‌కు ప్రాణం. బోల్డ్, బ్లాక్ రకాల్లో ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎక్కడ వాడాలి?
పేరులోనే ‘డిస్‌ప్లే’ ఉంది. అంటే పెద్ద సైజులో, కొద్ది పదాలకే. రెజ్యూమెలో మీ పేరు, పోర్ట్‌ఫోలియో శీర్షిక, ప్రజెంటేషన్ మొదటి స్లైడ్, ఫెస్ట్ పోస్టర్‌కు భేష్. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది కాబట్టి ఫ్రీలాన్స్ పనులకూ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు.

ఎక్కడ వద్దు?
10, 11 పాయింట్ల సైజులో సన్న గీతలు మసకబారతాయి. జిరాక్స్ తీస్తే కొన్ని మాయమైపోతాయి కూడా. అంతకంటే పెద్ద ఇబ్బంది అంకెలతో. ఇందులో అంకెలు మామూలుగా పాతకాలపు పద్ధతిలో వస్తాయి. 3, 4, 5, 7, 9 గీత కిందికి దిగుతాయి. 6, 8 పైకి లేస్తాయి. సున్నా ఇంగ్లిష్ చిన్న ‘ఓ’లా ఉంటుంది. నవలలో అది అందమే. కానీ హెచ్‌ఆర్ చూసి డయల్ చేయాల్సిన ఫోన్ నంబరు, సీజీపీఏ, పాసైన సంవత్సరం అలా ఎగుడుదిగుడుగా ఉంటే నష్టం మీకే.

ఇలా చేయండి
* పేరు, విభాగాల శీర్షికలకే ప్లేఫెయిర్ వాడండి. మిగతాదంతా లాటో లాంటి సాదా ఫాంట్‌లో పెట్టండి.
* శీర్షికలో అంకెలు తప్పనిసరైతే, వర్డ్‌లో ఫాంట్ బాక్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని నంబర్ ఫామ్స్ దగ్గర ‘లైనింగ్’ ఎంచుకోండి. అంకెలన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.
* ఎప్పుడైనా పీడీఎఫ్‌గానే పంపండి. వర్డ్ ఫైల్ పంపితే, అవతలి సిస్టమ్‌లో ఈ ఫాంట్ లేకపోతే మరోటి వచ్చి చేరి పేజీ చెదిరిపోతుంది.
* ప్లేఫెయిర్‌లో తెలుగు అక్షరాలు లేవు. పోస్టర్‌లో తెలుగు కూడా ఉంటే రామభద్ర లాంటి లావు ఫాంట్ జత చేయండి.

డిజైన్, ఫ్రంటెండ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ‘ఈ ఫాంటే ఎందుకు?’ అని అడిగే అవకాశముంది. ‘బాగుందని పెట్టా’ అంటే సరిపోదు. ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో చెప్పగలగాలి.

పంపే ముందు ఆ పీడీఎఫ్‌ను మీ ఫోన్లో తెరిచి, జూమ్ చేయకుండా మీ నంబరు చదవమని ఫ్రెండ్‌కి ఇవ్వండి. ఎక్కడైనా తడబడితే ఫాంట్ మార్చాల్సిందే.