మొరాయించే రంపం

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లను నేలకూల్చింది. దారికడ్డంగా పడిన మానులను సత్వరం తొలగించడానికి నేడు పెట్రోలు రంపమే శరణ్యం. అట్టి వేళ అదే మొరాయిస్తే అంబులెన్సు సైతం మాను కవతలే నిలిచిపోవలసి వస్తుంది.

అప్పుడు మనవారు ఆవేశంతో తాడును లాగినదే లాగుతారు. తత్ఫలితంగా సిలిండరులో పెట్రోలు అధికమై ప్లగ్గు తడిసిపోతుంది. తడిసిన ప్లగ్గు నిప్పురవ్వను సరిగా ఇవ్వజాలదు. చోకు వేసి లాగినప్పుడు ఇంజను ఒక్కసారి ‘భుక్కు’మని ఆగిందంటే, చోకు తీయవలసిన తరుణం అదే. ఆ శబ్దాన్ని పెడచెవిన పెట్టడమే సగం అనర్థాలకు మూలమని నా అభిప్రాయం.

వైద్యునికి నాడి ఎట్టిదో, ఈ యంత్రానికి ప్లగ్గు అట్టిది. విప్పి చూడండి. తడిగా ఉంటే తుడిచి ఆరనివ్వాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు లేకుండానే తాడును పలుమార్లు లాగితే లోపలి పెట్రోలు వెలికి వస్తుంది. పొడిగా ఉన్నచో ఇంధనమే అందడం లేదని గ్రహించి, ట్యాంకులోని ఫిల్టరునూ కార్బురేటరునూ పరీక్షించాలి. రంపపు పొట్టుతో మూసుకుపోయే గాలి ఫిల్టరును మరువరాదు.

ఇక ఇంధనం సంగతి. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. తయారీదారు చెప్పిన పాళ్లలో, సాధారణంగా 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు, నూనె కలపాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటున్నది. అది తేమను పీల్చుకొనే గుణం కలది. గోదావరి గాలిలో తేమకు కొరతా! నిరుడు కలిపి మిగిల్చిన పెట్రోలుతో ఈ ఏడు ఇంజను కదలకపోవడంలో వింత లేదు. కార్తెలు మారి ఆకాశం మబ్బు పట్టకముందే పాతది తీసివేసి, కొత్త మిశ్రమం పోసి, గొలుసు బ్రేకు వేసి ఒకసారి నడిపి చూసుకోవాలి.