కళాయి పట్టిన బుల్లెట్

బాండెడ్ బుల్లెట్ అంటే లోపలి సీసమూ పైనున్న రాగి తొడుగూ ఒకదానికొకటి అతుక్కుపోయిన వేట బుల్లెట్. తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేయడం అందరికీ అలవాటే గానీ తూటా వేరు, బుల్లెట్ వేరు. తూటాలో ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు రాజేసే క్యాప్, లోపల మందు, కొసన బిగించిన లోహపు ముక్క ఉంటాయి. తుపాకీ దాటి జంతువు దాకా వెళ్ళేది ఆ కొస ముక్కే. బుల్లెట్ దాని పేరు. అందులో సీసం ఉండేది బరువు కోసం. రాగి తొడుగు వేసేది, కాల్చినప్పటి వేగానికి మెత్తటి సీసం తుపాకీ గొట్టంలో బుల్లెట్‌ను తిప్పే మరలకు రాసుకుని అక్కడే అంటుకుపోకుండా. మామూలు వేట బుల్లెట్‌లో ఈ రెంటినీ ఒత్తిడి పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చేస్తారు, అంతే. కాలికి చెప్పు ఎంత బిగుతుగా ఉన్నా చర్మంతో కలిసిపోదు కదా, ఇదీ అలాంటి కలయికే.

యుద్ధపు బుల్లెట్‌కూ వేట బుల్లెట్‌కూ లక్ష్యంలోనే తేడా ఉంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో తయారైన, ఒంట్లోకి దిగాక విచ్చుకునే బుల్లెట్లను యుద్ధాల్లో వాడకూడదని 1899 హేగ్ సదస్సు తీర్మానించింది. అందుకే సైనికుల బుల్లెట్‌కు ముక్కు దాకా గట్టి తొడుగు ఉంటుంది. వేటలో లెక్క తిరగబడుతుంది. విచ్చుకోని బుల్లెట్ దబ్బనంలా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు పొదల్లోకి పారిపోయి రోజుల తరబడి బాధపడి చస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు దుప్పుల వేటకు విచ్చుకునే బుల్లెట్లే వాడాలని నిబంధన పెట్టింది ఇందుకే. అయితే విచ్చుకునే బుల్లెట్‌కు ఇంకో జబ్బు ఉంది. విచ్చుకోవడం మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ముక్కలైపోతుంది.

హైదరాబాద్ సంస్థానంలో పెద్ద వేటలు సాగిన రోజుల్లో ఈ జబ్బుకు మందు లేదు. వరంగల్ దగ్గర నెక్కొండ అడవులు నిజాంల వేట విడిదికి పేరుపడ్డవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొట్టిన పులుల లెక్క ముప్పై దాటిందని చెబుతారు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ భార్యతో కలిసి నెక్కొండలో చచ్చిన పులి పక్కన నిలబడి దిగిన ఫొటో ఇప్పటికీ అచ్చవుతూనే ఉంటుంది. ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటో అది. అలాంటి ఫొటోల్లో పులి కనిపిస్తుంది, తుపాకీ కనిపిస్తుంది, కొట్టినవాడి మీసం కూడా కనిపిస్తుంది. పులి ఒంట్లో బుల్లెట్ ఏమైందో మాత్రం కనిపించదు.

నల్ల తుపాకీమందు కాలం చివర్లో ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళు వచ్చాయి. వేగం కోసం బుల్లెట్‌ను తేలిక చేసి, ముక్కు బోలుగా ఉంచేవారు. జింకకు తగిలితే జింక అక్కడే కూలేది. పులి భుజం ఎముకకు తగిలితే ఆ బుల్లెట్ పైపైనే చిట్లి, లోతులేని పెద్ద గాయం చేసేది. పులి బతికేది, మహా కోపంతో బతికేది. సింహళంలోనూ భారతదేశంలోనూ ఆఫ్రికాలోనూ వేటాడిన సామ్యూల్ బేకర్ 1890లో వచ్చిన తన పుస్తకంలో ఈ బోలు బుల్లెట్లను గట్టిగా తప్పుపట్టాడు. మెత్తటి సీసపు బుల్లెట్ పుట్టగొడుగులా విచ్చుకున్నా బరువు పోగొట్టుకోకూడదన్నది ఆయన వాదన. తర్వాతి వందేళ్ళ బుల్లెట్ తయారీ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. గురి తప్పిన దెబ్బ ఎంత దూరం పోతుందో వేటగాడు జిమ్ కార్బెట్ 1907లో కొట్టిన, మనుషుల్ని తిన్న చంపావత్ ఆడపులి చెబుతుంది. ఎప్పటిదో తుపాకీ దెబ్బకు దాని కుడివైపు కోరలు విరిగిపోయి ఉన్నాయి. సికింద్రాబాద్ బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ కూడా, నల్లమలలోని చలమ స్టేషను పరిసరాలతో సహా, మనుషుల్ని తినే పులుల వెంట తిరిగి, గాయపడిన జంతువు ఎలా మారుతుందో కథలు కథలుగా రాశాడు.

మొదటి మంచి జవాబు అమెరికా నుంచి వచ్చింది. 1946లో జాన్ నోస్లర్ కెనడాలో ఒక బురద పట్టిన దుప్పిని కాల్చాడు. అక్కడ మూస్ అంటారు, గుర్రమంత ఉంటుంది. వేగంగా వెళ్ళే ఆయన బుల్లెట్లు లోపలికి దిగకుండా పైనే పగిలిపోయాయి. దాంతో ఆయన బుల్లెట్ నడుమ రాగితోనే అడ్డుగోడ పెట్టాడు. ముందు గది విచ్చుకుంటుంది, వెనక గది చెక్కుచెదరదు. 1948 నుంచి అది పార్టిషన్ పేరుతో అమ్ముడవుతోంది. ముందు గదిలోని సీసం మాత్రం చాలావరకు పోతూనే ఉండేది. ఆ సీసాన్నే రాగికి అతికించేస్తే పోతుందా అన్న ఆలోచనను 1960లలో ఐడహో రాష్ట్రంలోని లూయిస్టన్‌లో బిల్ స్టైగర్స్ అమలు చేశాడు. ఆయన బిటర్‌రూట్ బుల్లెట్లు చేత్తో చేసినవి, కోరినన్ని దొరికేవి కావు. 1980లలో జాక్ కార్టర్ బేర్ క్లా, లీ రీడ్ ఏ-ఫ్రేమ్ బుల్లెట్లు వచ్చాక పెద్ద కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి.

ఈ అతుకు రహస్యం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. హైదరాబాద్‌లోని కవాడిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో ఒకప్పుడు ఇంటింటికీ తిరిగిన కళాయివాళ్ళు చేసిందీ ఇదే. ఇత్తడి గిన్నెను బొగ్గుల మీద బోర్లించి కాల్చి, తిప్పి, లోపల చిటికెడు నవాసాగరం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ ఘాటుకు చుట్టూ మూగిన పిల్లలు ముక్కులు మూసుకునేవారు. నవాసాగరం చిలుమును కొరికేసి లోహాన్ని కడిగినట్టు చేస్తుంది. అప్పుడు తగరపు కడ్డీ ఆనించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపలంతా వెండిలా పరుచుకునేది. 232 డిగ్రీలకే కరిగే తగరం శుభ్రమైన ఇత్తడి దొరికితే దాంతో పలచటి మిశ్రమలోహపు పొర కట్టేస్తుంది. అందుకే అది రంగులా పెచ్చులు ఊడదు, ఏళ్ళ తరబడి తోమగా తోమగా అరిగిపోవాల్సిందే.

బుల్లెట్ విషయంలో గిన్నె స్థానంలో రాగి కప్పు, తగరం స్థానంలో సీసం. చిక్కేమిటంటే సీసం తనంతట తాను రాగిని పట్టుకోదు. కళాయికి నవాసాగరం లాగే దీనికీ ఏదో ఒక ఫ్లక్స్ కావాలి, లేదా సీసంలో కాస్త తగరం కలపాలి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగికి 1085 దాకా వెళ్ళాలి. కనుక కప్పును కరగనివ్వకుండానే లోపలి సీసాన్ని నీళ్ళలా చేసి, చల్లార్చి అతికించవచ్చు. ఆ వేడికి రాగి కూడా మెత్తబడుతుంది. అది లోపం కాదు, లాభమే. గట్టి రాగి దెబ్బకు చీలుతుంది, మెత్తబడిన రాగి సాగుతుంది. కొన్ని కంపెనీలు ఈ వేడి గొడవే లేకుండా సీసపు ముక్కను ద్రావణంలో ముంచి, కరెంటు సాయంతో దాని మీద రాగిని పొరలు పొరలుగా పేరుస్తాయి. వెండి పూత నగలు చేసే పద్ధతే.

జంతువు ఒంట్లో ఏం జరుగుతుందన్నది అసలు సంగతి. కణుజును తీసుకుందాం. సాంబార్ దుప్పి అన్నమాట. బాగా పెరిగిన మగది 200 కిలోలు దాటుతుంది. వేటగాళ్ళు థర్టీ ఆట్ సిక్స్ అనే .30-06 రైఫిల్ నుంచి వచ్చే 180 గ్రెయిన్ల బుల్లెట్ బరువు 11.7 గ్రాములు, అంటే మూడు నాలుగు శనగగింజల పరిమాణంలో ఒక తులం లోహం. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు 820 మీటర్లు. పక్క నుంచి భుజానికి తగిలితే చర్మం, కండ, ఎముక, ఊపిరితిత్తులు దాటే ప్రయాణమంతా సెకనులో వెయ్యోవంతుకు అటూ ఇటూగా అయిపోతుంది. ఆ కాస్తలోనే ముక్కు మెత్తటి కండ ఒత్తిడికి వెనక్కి మడుచుకుని, 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ సుమారు 15 మిల్లీమీటర్ల పుట్టగొడుగు అవుతుంది. వెడల్పు రెట్టింపైతే ముందు తలం నాలుగు రెట్లు. గాయం పెద్దదయ్యేదీ, బుల్లెట్‌కు బ్రేకు పడేదీ అందువల్లే. ఆ బ్రేకును తోసుకుని లోపలికి పోవడానికి కావాల్సింది మిగిలిన బరువు. తొడుగు విడిపోయి 55 శాతమే మిగిలితే లోపలికి వెళ్ళేది 6.4 గ్రాములు. బాండెడ్ బుల్లెట్‌లో 90 శాతం మిగిలితే పదిన్నర గ్రాములు. కణుజు చచ్చేది చప్పుడుకో అదురుకో కాదు, గుండె ఊపిరితిత్తుల నుంచి రక్తం పోయి. కనుక బుల్లెట్ అక్కడిదాకా చేరిందా లేదా అన్నదే ప్రశ్న.

చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. బుల్లెట్‌కు గట్టి పరీక్ష దూరపు దెబ్బ కాదు, దగ్గరి దెబ్బ. ముప్పై గజాల్లో వేగం ఇంకా తగ్గదు, ఆ వేగానికి ఎముక రాయిలా ఎదురొస్తుంది, మామూలు బుల్లెట్ పేలిపోయేది అక్కడే. దూరం పెరిగే కొద్దీ బాండెడ్ బుల్లెట్‌కే ఇబ్బంది మొదలవుతుంది. వేగం సెకనుకు సుమారు 550 మీటర్ల కంటే పడిపోతే చాలా రకాలు సరిగా విచ్చుకోవు. చిన్న జంతువుల మీద కూడా అంతే. కృష్ణజింక లాంటి పలచటి ఒంటి మీద బాండెడ్ బుల్లెట్ విచ్చుకునే లోపే అవతలికి దాటిపోవచ్చు. రెండో చివరన, ఏనుగు తల ఎముకకు ఏ విచ్చుకునే బుల్లెట్టూ చాలదు, అక్కడ గట్టి సాలిడ్ బుల్లెట్టే వాడేవారు. కణుజు, మనుబోతు, ఎలుగుబంటి, మూస్ లాంటి నడిమి, పెద్ద జంతువులే బాండెడ్ బుల్లెట్ సొంత నేల. టన్ను దాకా తూగే అడవిదున్న దగ్గరికి వచ్చేసరికి అది బాండెడ్ అయితే చాలదు, పెద్ద బోర్ రైఫిల్‌దీ అయి ఉండాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మొదలై, దాని 1991 సవరణతో భారతదేశంలో వినోదపు వేట పూర్తిగా ముగిసింది. మిగిలింది ప్రాణహాని చేసే జంతువుల విషయంలో చట్టంలోని 11వ సెక్షన్ కింద వచ్చే అనుమతి, పంటల్ని దున్నేసే అడవిపందుల సమస్య. తెలంగాణలో అడవిపందుల కాల్చివేతకు అటవీశాఖ ప్యానెల్‌లోని లైసెన్సు షూటర్లనే పిలవాలి. అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు కూడా ఇచ్చారు. దీనికి భిన్నంగా చేనుగట్టున కరెంటు తీగలు పెట్టడం నేరం, వాటికి తగిలి మనుషులూ చనిపోతున్నారు. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద గట్టి పీచుపొర కవచంలా ఉంటుంది, బురద పట్టిందంటే ఇంకా మందం. పలచటి బుల్లెట్ అక్కడే నలిగిపోయి, పంది చెరకుతోటలో దూరుతుంది. బాండెడ్ బుల్లెట్ దాన్ని చీల్చుకుపోతుంది. చీల్చుకుపోయి అక్కడితో ఆగదు, అది గుర్తుంచుకోవాలి. చేను అవతల గుడిసె ఉండొచ్చు, మోటారు దగ్గర మనిషి ఉండొచ్చు. మంచె మీద నుంచి కిందికి కాలిస్తే బయటికొచ్చిన బుల్లెట్ నేలలో దిగబడుతుంది. ఈ పనికి మంచె ఇచ్చే భద్రత మరేదీ ఇవ్వదు. వాడుకలో ఉన్న ఈశాపూర్ కర్మాగారపు .315 బోర్ రైఫిళ్ళకు సాధారణంగా దొరికేవి మామూలు సాఫ్ట్ నోజ్ తూటాలే కనుక, ఇక్కడ షూటర్లకు బాండెడ్ అన్నది ఎక్కువగా చదివి తెలుసుకున్న విషయమే.

ఇంకో చిక్కు సీసానిదే. బాండెడ్ బుల్లెట్ తక్కువ సీసం రాలుస్తుంది గానీ అసలు రాల్చకుండా ఉండదు. వేటగాళ్ళు వదిలేసిన పేగుల్లోని సీసపు రేణువులు తిని కాండార్ రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు బుల్లెట్లను పూర్తిగా నిషేధించింది. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద గూళ్ళు కట్టిన మన పొడుగుముక్కు రాబందులను దేశమంతటా తుడిచిపెట్టింది సీసం కాదు, పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు. 2006లో ఆ మందును పశువైద్యం నుంచి నిషేధించారు. సీసం వద్దనుకున్నచోట అతుకుతో పనే లేని రాగి బుల్లెట్లు వస్తున్నాయి. 1980ల చివర్లో అమెరికాలో బార్న్స్ కంపెనీ తెచ్చిన పద్ధతి అది. మొత్తం ఒకే లోహం, విడిపోవడానికి ఏమీ ఉండదు. కానీ రాగి సీసం కంటే తేలిక, అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది. పాత రైఫిళ్ళ గొట్టాల్లోని మర ఆ పొడవును సరిగ్గా తిప్పలేకపోతే బుల్లెట్ గాల్లో తూలి గురి చెడుతుంది.