మెఱుగు పట్టీల మాటున త్రుప్పు

పాతకారు బాగోగులను దాని రంగునుబట్టియు, తళుకునుబట్టియు నిర్ణయించువారు మనలో పెక్కుండ్రు గలరు. మెదకు పట్టణమునను, పరిసరగ్రామములందును పెద్దలనాటి అంబాసిడరునో, ఫియటునో కొట్టములో నిలుపుకొన్న కుటుంబములు నేటికిని కలవు. పెండ్లికో పండుగకో దానిని వెలికిదీసి, కడిగి, క్రొత్తరంగు పూయించి, బంపరులు తళతళలాడుచుండగా కారు బాగుపడినదని సంతోషించుట పరిపాటియైనది. ఆ సంతోషము రెండు వానకారులకు మించి నిలుచుట యరుదు. తలుపుల ప్రక్కల మెఱయు పట్టీల వెంబడి రంగు పొక్కులెత్తును. గోధుమవన్నె చారలు దిగజాఱును. యజమాని రంగువానిని నిందించును. మా అభిప్రాయములో దోషము రంగువానిది మాత్రమే కాదు. పట్టీని విప్పించి, దాని మాటున నేమున్నదో చూడక రంగు పూయించిన యజమానిది కూడను.

1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చికి 2024లో నూఱేండ్లు నిండినవి. అట్టి రాతికట్టడమున పగులు పుట్టినచో బాటసారికైనను కనబడును. కారు సంగతి యట్లు గాదు. దాని కీడు దాని యలంకారము క్రిందనే పుట్టి, లోపలినుండి తినివేసి, తుదకు పైకి వచ్చును. మనము పొక్కును చూచునప్పటికి రేకు చాలవఱకు క్షీణించియుండును.

ఇందలి హేతువు తెలిసికొనదగినది. మెకానిక్కులు బీడింగులని పిలుచు నీ పట్టీలను బిగించుటకై కార్ఖానాలోనే రేకునకు రంధ్రములు పొడిచి, క్లిప్పులుగాని నట్లుగాని అమర్చియుందురు. ఆ రంధ్రముల యంచున రంగు పలుచన. క్లిప్పు కదలినకొలది అదియు రాలిపోవును. వాననీరును దుమ్మును పట్టీవెనుక చేరి, ఎండ తగులక, గాలి యాడక, దినములతరబడి తడిగా నుండును. పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుదైనచో మఱియొక కీడు కలదు. రెండు వేఱు లోహములు తడిలో నొకదానినొకటి తాకినప్పుడు చిన్న బ్యాటరీవలె పనిచేయును. అందు బలహీనమైనది, అనగా కారు రేకే, వేగముగా నశించును. అల్యూమినియపు పట్టీయైనచో ముందుగా చెడునది పట్టీయే; తెల్లని పొడి దానికి గుఱుతు. క్రోమియపు పూతయు నభేద్యము గాదు. దానిక్రిందనున్న నికెలు పొరయే నిజమైన కవచము. 1950 మొదలు 1953 వఱకు జరిగిన కొరియా యుద్ధకాలమున అమెరికాలో నికెలు వాడుకను నియంత్రించుటచే ఆనాటి కారులపై క్రోమియము త్వరగా చెడినది.

ఇది విలాసవంతుల ముచ్చటయని త్రోసివేయరాదు. పరప్రభుత్వపు దినములలోనే, 1942లో హిందూస్థాన్ మోటార్సును, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్సును స్థాపించి, ఈ దేశమునను కారులు చేయవచ్చునని మనవారు నిరూపించిరి. 1950 దశకము చివర మొదలైన అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. పద్మిని యంతకుమునుపే యంతరించినది. ఇక నవి పుట్టబోవు. నిజాము కొఱకు చేయబడిన 1912వ సంవత్సరపు రోల్స్‌రాయిస్ హైదరాబాదునందలి చౌమహల్లా సౌధమున భద్రముగా నున్నది. రాజుల కారులకు సౌధములు కలవు. మన తాతల కారులకు మన కొట్టములే గతి.

చట్టమును ఈ జాగ్రత్తనే కోరుచున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడక, చట్రమునను, బాడీ షెల్లునను, ఇంజనునను పెద్దమార్పులు లేని వాహనమునకే వింటేజి నమోదు లభించును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరములు. త్రుప్పును మొదటనే పట్టుకొనక, షెల్లునే కోసి మార్చుకొనవలసిన స్థితి వచ్చినచో ఈ గౌరవమునకే ముప్పు రాగలదు.

కావున పట్టీలు విప్పు విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుదుము. మొదట కారును కడిగి యారబెట్టవలెను. ప్రతి పట్టీయు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో కాగితపు టేపుతో గుఱుతు పెట్టి, ఛాయాచిత్రము తీసికొనవలెను. తలుపు లోపలి అట్టను తీసి, నట్లున్నవేమో చూడవలెను. ఉన్నచో త్రుప్పు వదలించు నూనె వేసి, ఒక రాత్రి నాననిచ్చి, మెల్లగా త్రిప్పవలెను. క్లిప్పులైనచో గుడ్డచుట్టిన వెదురు చీలికను వెనుకకు దూర్చి, ఒక్కొక్క క్లిప్పు దగ్గఱనే లేవనెత్తవలెను. ఒక కొనపట్టి లాగినచో పట్టీ వంగును. వంగిన పట్టీ మఱల తిన్ననగుట కష్టము. ఇనుప స్క్రూడ్రైవరు రంగును గీయును. తీసిన పట్టీలను పలకపై పరుండబెట్టి, చీటీలు కట్టి, పాత క్లిప్పులను సయితము దాచవలెను. మచ్చుకైనను అవి పనికివచ్చును.

పిమ్మట పరీక్ష. రంధ్రముల చుట్టును, తలుపుల యడుగున నీరు పోవు కన్నములను, చక్రముల పైకమానులను, డిక్కీ నేలను, అద్దపు రబ్బరు క్రిందను వెదకవలెను. గుడ్డలో చుట్టిన అయస్కాంతమును రేకుపై జరుపుచు పోవలెను. అది యంటుకొననిచోట రేకు లేదు, పూర్వపు పనివాడు నింపిన పుట్టీయే యున్నదని యెఱుగవలెను. లోపలివైపునుండి మొద్దు కొనగల ఆరెతో నొత్తినచో బలహీనమైన రేకు లొంగును.

పైపైత్రుప్పైనచో తీగబ్రష్షుతోను, ఉప్పుకాగితముతోను లోహము కనబడువఱకు రుద్ది, ఫాస్ఫారికామ్లము గల మందు పూసి, దాని సీసాపై చెప్పినట్లు శుభ్రపఱచి యారబెట్టి, ప్రైమరు వేయవలెను. రంధ్రపుటంచులను మఱువరాదు. పాతరంగులో సీసముండవచ్చును గనుక తడిచేసి రుద్దుటయు, ముక్కునకు తగిన మాస్కు ధరించుటయు నవసరము. రేకు చిల్లిపడినచో మంచి లోహము వచ్చువఱకు కోసి, అదే మందముగల రేకును వెల్డింగు చేయించవలెను. చిల్లిపై పుట్టీ పూయుట పుండుపై పట్టుబట్ట కప్పుటయే. తిరిగి బిగించునప్పుడు ప్రతి క్లిప్పునకును గ్రీజుగాని మైనముగాని పూసినచో నీరు చొరదు.

ఈ పనికి ధనముకంటె ఓర్పు ముఖ్యము. టింకరింగు పనివారు త్వరగా ముగించుటకు యజమానులు చేయు తొందరయే చాలవఱకు కారణము. పట్టీ విప్పి చూపుమని యడుగు యజమానియున్నచో, విప్పి చూపు పనివాడును దొరకును. వానలు వెనుదిరిగి ఎండకాయు మాసములే యీ పరీక్షకు తగిన కాలము. క్రొత్తరంగు కొఱకు బేరమాడుటకు మునుపు మెదకు సోదరులు తమ కారుల యలంకారములను ఒక్కసారి విప్పించి చూతురుగాక.