వృద్ధసభ్యులు సభకు రాకుండుటకు హేతువేమి?

సంఘపు సర్వసభ్య సమావేశము జరుగునపుడు డెబ్బది యేండ్లు దాటినవారిలో కొందరు వేళకు ముందే వచ్చి ముందువరుసలో కూర్చుందురు. కొందరు ఎన్నిమార్లు కబురుపెట్టినను రారు. ఇంటివారిని విచారించినచో "వారి స్వభావమే అంత" యని తేల్చివేయుదురు. ఈ మాట సగమే నిజమని మా యభిప్రాయము.

స్వభావమునకు బలము లేదని మే మనము. నలుగురితో కలయు నిష్టము, క్రొత్తదానియెడ కుతూహలము, పూనిన పనిని విడువని పట్టుదల గలవారు వార్ధక్యమునందును ఎక్కువ వ్యాపకములు పెట్టుకొందురనియు, చీటికిమాటికి దిగులుపడువారు వెనుకంజ వేయుదురనియు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల పరిశీలనములవలన సామాన్యముగా తేలుచున్నది.

అయితే అరుగుమీది ముచ్చట్లకు అందరికంటె ముందు వచ్చుచుండిన రైతు రెండేండ్లలో ఇంటిమూల చేరినచో దానిని స్వభావమనుట ఎట్లు? అచ్చట చూడవలసినవి చెవి, కన్ను, మోకాలు. అడిగినదానికి వేరొకటి చెప్పి నవ్వులపాలైన పెద్ద మరల ఆ చోటికి పోవుటకు సిగ్గుపడును. కంటికి శుక్లములు కమ్మినవాడు ప్రొద్దుగ్రుంకిన పిదప కాలువగట్టు వెంట నడువ జంకును. మాటిమాటికి మూత్రమునకు లేవవలసినవాడు గంటలకొలది కూర్చుండలేడు. ఆ సంగతి పైకి చెప్పడు. శుక్లములు తీయుట నేడు అరగంటలోపు పని. చెవికి యంత్రములు కలవు. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల మండలి డిమెన్షియా యను మతిక్షీణ వ్యాధికి దోహదముచేయునట్టివియు, సవరింపదగినట్టివియు నగు 14 కారణములను పేర్కొనెను. వినికిడి లోపము, చూపు లోపము, ఒంటరితనము, శరీరశ్రమ లేమి ఆ పట్టికలోనివే. కావున "ముసలితనము, అంతే" యని ఊరకుండుట ప్రమాదకరము.

స్వభావమును ఆరోగ్యమును పెనగులాడుట మన కాటను దొర చరిత్రమున కానవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. నడుమ ఆరోగ్యము చెడి ఆయన సెలవుపై పోవలసివచ్చెను. అట్టివాడు 96 ఏండ్లు జీవించి 1899లో ఇంగ్లండునందలి డార్కింగులో మరణించెను. అచ్చట వార్ధక్యమున ఆయన చేపట్టినది, నేలను లోతుగా సాగుచేసి గోధుమ పండించు ప్రయోగము. మహానదికి అడ్డుకట్ట వేసినవాడు చిన్న చెక్కతో సరిపెట్టుకొనెనని కొందరనవచ్చును గాని, పని యొక్క కొలత తగ్గినను నేలయందలి కుతూహలము తగ్గలేదనుటయే మాకు ముఖ్యముగా తోచుచున్నది.

గుంపు గిట్టని పెద్దను భజనకు రమ్మని పీడింపరాదు. నారుమడి కాపు, విత్తనపు చేనిలో కేళీలను కూలివారికి గుర్తించి చూపుట వంటివి అప్పగించిన సంతోషముతో చేయును. మాటకారికి అరుగే మందు. స్త్రీల సంగతి మఱియు విచారకరము: వంటయిల్లు ఉన్నంతకాలము మామ్మగారికి వ్యాపకము కలదనియే అందరును తలంతురు, ఆమె మోకాళ్లను ఎవరును అడుగరు.

సంఘములు చేయవలసినది స్వల్పమే. సమావేశమును మేడమీదగాక క్రిందిగదిలో, సాయంకాలముగాక ఉదయమున జరుపవలెను. ప్రకటనలను పెద్ద అక్షరములతో అచ్చువేయింపవలెను. మైకు పెట్టినను లెక్కలు చదువువారు నిదానముగా చదువవలెను. మరుగుదొడ్డి తాళము ముందుగనే తీయించి యుంచవలెను.